మా ఇంటికి బాండ్‌సా

పెళ్లిచూపులకు వెళ్లేవాడికి సలహాలివ్వడానికి ఊరంతా సిద్ధంగా వుంటుంది. బాండ్‌సా కొనబోయేవాడికి సలహా చెప్పడానికి మాత్రం మా మోతీనగర్ మొత్తం మీద నాకు ఒక్క మనిషే దొరికాడు. ఆయనకూ ఎడమచేతి చూపుడువేలు సగమే వుంది.

ముందు బాండ్‌సా అంటే ఏమిటో చెప్పాలి. మా ఆవిడకు చెప్పినట్టే మీకూ చెబుతాను. రెండు చక్రాలు, ఒకదాని నెత్తిన ఒకటి. వాటి చుట్టూ కుట్టుమిషను తోలుపట్టీలాగా ఓ ఉక్కుపట్టీ. ఆ పట్టీకి ఒక అంచున పళ్లు. కింది చక్రాన్ని మోటారు తిప్పుతుంది. పై చక్రం పాపం దాంతోపాటే తిరుగుతుంది. నడుమ ఒక ఇనపబల్ల. ఆ బల్లకున్న సందులోంచి పట్టీ పైనుంచి కిందికి ఎడతెరిపి లేకుండా పరుగెడుతూ వుంటుంది. చెక్కను బల్లమీద ఆనించి దానికేసి నిదానంగా తోస్తే కోసుకుపోతుంది. సూది కింద గుడ్డను తిప్పినట్టు చెక్కను తిప్పుకుంటూ వంపులు కూడా కొయ్యవచ్చు.

“మరి మామూలు రంపానికేం రోగం?” అన్నది మా ఆవిడ.

రోగం రంపానికి కాదు, నా కుడిభుజానికి. ముప్ఫై నాలుగేళ్లు లెక్కలు రాసి రిటైరయిన వాణ్ణి. ఆ చేతికి అంతకుముందు కలం కంటే బరువైనది తెలియదు. రిటైరయ్యాక మేడకింద స్కూటరు పెట్టుకునే ఎనిమిదడుగుల గదిలో ఓ బల్ల వేసుకుని, ఉలి, సుత్తి, చిత్రిక, చేతిరంపం కొనుక్కుని, పీటలూ స్టూళ్లూ చెయ్యడం మొదలుపెట్టాను. పీటలు బాగానే వచ్చేవి. కానీ అరగంట రంపం లాగితే ఆ రాత్రి జాగారమే. డాక్టరుగారు భుజం కీలు అరిగిందన్నారు. రంపం మానెయ్యమన్నారు. చెక్కపని మానెయ్యమని మాత్రం అనలేదు. ఆ సందులోంచే బాండ్‌సా మా ఇంట్లోకి వచ్చింది.

ఇక్కడ అసలు సంగతి చెప్పకపోతే ఈ కథకు అర్థం లేదు. మా అమ్మ పోయిన తరవాత, 2022లో, కోనసీమలోని మా ఇల్లు విప్పించేశాం. పెంకులూ దూలాలూ అమ్మేశాం. మిగిలింది మండువాలో వేలాడిన ఉయ్యాల బల్ల ఒక్కటే. ఆరున్నర అడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం. ఒకే టేకు చెక్క. నాలుగు మూలలా ఇనపకడ్డీలు దిగిన కన్నాలు. ముగ్గురం దానిమీద పెరిగాం. అక్కయ్య విశాఖపట్నంలో వుంటుంది, తమ్ముడు అమెరికాలో, నేను ఇక్కడ. బల్ల ఒకటి, వారసులం ముగ్గురం. ఎకరాలు పంచుకోవడానికి పెద్దమనుషులుంటారు. ఉయ్యాల బల్ల పంచడానికి ఎవరుంటారు?

తమ్ముడు ఫోను చేసి, “అన్నయ్యా, నాకు పెద్ద ముక్క అక్కర్లేదు. అమ్మ రాసిన ఉత్తరాలు పెట్టుకునేటంత పెట్టె ఒకటి, ఆ చెక్కతో చేసిపెట్టు చాలు” అన్నాడు. ఆ మాట అక్కయ్య చెవిన పడింది. “ముక్కలు చెయ్యడానికి అదేమన్నా సొరకాయట్రా? ఎవరి దగ్గరున్నా సరే, బల్ల బల్లగా వుండాలి. దానిమీద మనిషి కూచోవాలి” అన్నది. రెండేళ్లపాటు ఆ బల్ల మా హాల్లో గోడకు చేరగిలబడి ఇద్దరి మాటా వింటూ నిలబడింది. ఆ రెండేళ్లూ అక్కయ్య, తమ్ముడు ఒకరి సంగతి ఒకరు నన్నడిగి తెలుసుకునేవారు.

ఇక మేస్త్రీగారి సంగతి. మా వీధి చివర వుంటారు. సినిమా పరిశ్రమ మద్రాసునుంచి ఇక్కడికి తరలివస్తున్న రోజుల్లో, సెట్ల వడ్రంగిగా తనూ తరలివచ్చారట. ఫిలింనగర్‌లోనూ జూబిలీహిల్స్ చుట్టుపక్కలా ఆయన కట్టని రాజమహలు లేదు. “వారం రోజులు కట్టేవాళ్లం సారూ, ఒక్కపూటలో విప్పేసేవాళ్లం” అంటారు నవ్వుతూ. వేలు పోయింది మాత్రం సెట్లలో కాదు. అంతకుముందు వయసులో వుండగా, ఓ కోతమిల్లులో, గుండ్రపు రంపం దగ్గర.

నేను మిషను కొంటానన్నప్పుడు ఆయన మొదట చూసింది నా మొహం కాదు, నా చేతులు. పదివేళ్లూ లెక్కపెట్టినట్టు చూసి అప్పుడు మాట్లాడారు. గుండ్రపు రంపం చెక్కను పట్టుకుని వెనక్కి, మనమీదికి విసురుతుందట. బాండ్‌సా పళ్లు కిందికి దిగుతాయి గనుక చెక్కను బల్లకేసి అదుముతాయే తప్ప విసరవు. “అందుకని మంచిదనుకోకండి” అని కూడా అన్నారు. “మాంసం దుకాణాల్లో ఎముకలు కోసేది ఇలాంటి మిషనుతోనే. దానికి టేకూ వేలూ ఒకటే. చప్పుడు కూడా మారదు.”

మా ఆవిడ గుమ్మంలో నిలబడి వింటున్నది. ఆ రోజు కాఫీలో పంచదార పడలేదు.

ఆవిణ్ణి మంచి చేసుకోవడానికి నేనీ మిషను పుట్టుపూర్వోత్తరాలు చెప్పాను. 1809లో ఇంగ్లండులో విలియం న్యూబెరీ అనే ఆయన దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఊహ బాగానే వుంది గాని, పట్టీ రెండు కొసలూ కలిపిన అతుకు నిలిచేది కాదు. చక్రంమీద వంగి, సాగి, మళ్లీ వంగి, అతుకు దగ్గర పుటుక్కుమనేది. సుమారు నలభై ఏళ్లు ఆ మిషను వున్నా లేనట్టే అయింది. 1846లో ఫ్రాన్సులో క్రెపిన్ అనే ఆవిడ అతుకు నిలిచే పద్ధతి కనిపెట్టి పేటెంటు పొందింది. పారిస్‌లోని పెరిన్ కంపెనీవారు దాన్ని కొని, మంచి ఉక్కుతో పట్టీలు తయారుచేశారు. అప్పటినుంచి ఈ రంపం లోకమంతా తిరిగింది.

“చూశారా, ఆడది అతికితేగాని నిలవలేదు” అన్నది మా ఆవిడ. ఆ సాయంత్రం కాఫీలో పంచదార మామూలే.

కొనడానికి బయలుదేరితేగాని తెలియలేదు, ఎనిమిదంగుళాలు, పదంగుళాలు, పద్నాలుగంగుళాలు అని చెప్పే కొలత చక్రానిది. పట్టీకీ, మిషను వెనక నిలువుకంబానికీ మధ్య చోటు కూడా ఇంచుమించు అంతే వుంటుంది. కోత ఎత్తు, అంటే చెక్కను నిలబెడితే ఎంత ఎత్తుదాకా కొయ్యగలదన్నది, వేరే కొలత. దుకాణంవాడు మొదటిది గట్టిగా చెబుతాడు, రెండోది అడిగితేగాని చెప్పడు. తమ్ముడి పెట్టె నా మనసులో వుంది గనుక నేను రెండోదే ముందడిగాను. ఎందుకంటే పెట్టె గోడలు నాలుగంగుళాల ఎత్తు, అరంగుళం మందం వుండాలి. మన బల్లేమో రెండంగుళాల మందం. అంటే నాలుగంగుళాల వెడల్పు ముక్కను అంచుమీద నిలబెట్టి, రొట్టెను కోసినట్టు పలకలుగా చీల్చాలి. ఎనిమిదంగుళాల మిషన్లు చాలావాటికి కోత ఎత్తు మూడంగుళాల చిల్లర మాత్రమే. బుజ్జిగా, చవగ్గా, ముచ్చటగా వుంటాయి. నాకు పనికిరావు. పద్నాలుగంగుళాలది కొంటే గదిలో అది వుండాలి, లేదా నేను వుండాలి. కనక పదంగుళాలది, కోత ఎత్తు నాలుగుకు పైన వున్నది.

ఈ పలకల కోతకు బాండ్‌సాయే ఎందుకు అంటారేమో. గుండ్రపు రంపం ఒక్కో కోతకు మూడు మిల్లీమీటర్ల చెక్కను పొట్టు చేస్తుంది. బాండ్‌సా సన్నని బ్లేడుకు పోయేది ఒక మిల్లీమీటరు, ఆ పైన కాస్త. కొత్త చెక్కయితే పోతే పోయింది. ఆ బల్లలో పొట్టయిపోయే ప్రతి మిల్లీమీటరూ నాకు లెక్కే.

మా తమ్ముడు అక్కణ్ణించి మిషను పంపిస్తానన్నాడు. వద్దన్నాను. వాళ్ల కరెంటు నూటపది, నూట ఇరవై వోల్టులది, మనది 230. సరే, ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకుందామన్నా, వాళ్లది సెకనుకు అరవై ఆవృత్తులు, మనవి యాభై. ట్రాన్స్‌ఫార్మరు దాన్ని మార్చలేదు. అక్కడి ఇండక్షన్ మోటారు ఇక్కడ ఆరింట అయిదో వంతు వేగంతోనే తిరుగుతుంది. పైగా పదంగుళాల మిషను ముప్ఫై కిలోల పైమాటే. విమానంవాళ్లు ఇచ్చేది ఇరవై మూడు కిలోల పెట్టె. వాడొచ్చినప్పుడు చాక్లెట్లు తెస్తే చాలన్నాను.

ఎర్రగడ్డ ఆదివారం సంతకు కూడా వెళ్లాం. అక్కడ దొరకని వస్తువంటూ వుండదు. ఓ మూల పాత బాండ్‌సా ఒకటి తుప్పు మధ్య పచ్చరంగుతో మెరుస్తున్నది. ధర వింటే ప్రాణం లేచివచ్చింది. మేస్త్రీగారు మోటారు జోలికే పోలేదు. తలుపు తెరిచి, పైచక్రాన్ని సగం వేలుతో నెమ్మదిగా తిప్పి, దాని అంచును కన్నార్పకుండా చూశారు. “చక్రం గుండ్రం పోయింది సారూ. ఇది పట్టీని లాగుతుంది, వదులుతుంది, లాగుతుంది, వదులుతుంది. నెలకు నాలుగు బ్లేడ్లు తింటుంది” అన్నారు. సంతలో వంకాయలు కొనుక్కుని వచ్చేశాం.

చివరకు రాణీగంజ్‌లో కొన్నాం. అక్కడ నేను నేర్చుకున్నది, మిషను కంటే ముందు బ్లేడు సంగతి చూసుకోవాలని. ప్రతి మిషనుకూ ఓ ప్రత్యేకమైన బ్లేడు పొడవుంటుంది. అది బజార్లో దొరకకపోతే మిషను తులసికోట పక్కన అలంకారమే. మాకు మేస్త్రీగారి పుణ్యమా అని, చుట్టనుంచి కావలసిన పొడవు కోసి, కొసలు కరగించి అతికి, అతుకును నున్నగా రుద్ది ఇచ్చే దుకాణం దొరికింది. క్రెపిన్ గారికి మనసులోనే దణ్ణం పెట్టాను. రెండు రకాలు చేయించాను. పావంగుళం వెడల్పుది, అంగుళానికి ఆరు పళ్లు: వంపులకు. గాజంత గుండ్రాన్ని అవలీలగా తిప్పుతుంది. అరంగుళం వెడల్పుది, అంగుళానికి మూడు పళ్లు: పలకల కోతకు. ఇది అయిదంగుళాల వృత్తం కంటే చిన్నది తిప్పలేదు గాని, తిన్నగా నడుస్తుంది. ఎత్తు చెక్క కోసేటప్పుడు పళ్లు తక్కువుండాలన్నది మొదట నాకు వింతగా తోచింది. పళ్ల మధ్య సందుల్లోనే పొట్టు బయటకు రావాలి గదా; సందులు చిన్నవైతే పొట్టు లోపలే ఇరుక్కుని బ్లేడు వేడెక్కి పక్కదారి పడుతుంది. పల్చటి చెక్కకు మాత్రం ఎప్పుడూ కనీసం మూడు పళ్లు చెక్కలో వుండేట్టు చూసుకోవాలి.

మోటారు అర హార్సు పవరు. మా మిక్సీమీద 750 వాట్లని రాసివుంది, ఇది 373. “మిక్సీలో సగమా! దీనికింత హడావుడా?” అన్నది మా ఆవిడ. మిక్సీ అయిదు నిమిషాలు అరిచి ఆగిపోతుంది. ఈ ఇండక్షన్ మోటారు గంటలకొద్దీ ఆడుతుంది, అరవదు. పక్కింటి పరీక్షల పిల్లవాడి తండ్రి వచ్చి నిలబడి విని, ఏమీ అనకుండా వెళ్లాడు. అంతకంటే సర్టిఫికెట్టు ఏం కావాలి? ధర ఎంతంటారా? ఈ పత్రిక మా ఆవిడ కూడా చదువుతుంది.

మరో మాట. మన దేశంలో కరెంటు రంపం అనగానే అటవీశాఖ గుర్తుకు రావాలి. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో అడవుల్లో అనుమతి లేని కోతమిల్లులు ఆగిపోయాయి. నేను దుంగలు కొయ్యబోవడం లేదు, అయినా కొనేముందే ఆ శాఖలో పనిచేసిన స్నేహితుణ్ణి అడిగి, వెళ్లి కనుక్కుని వచ్చాను. మూసాపేట అడితీల్లో కోసి అమ్మే చెక్క కొన్నప్పుడు బిల్లు దాస్తాను. మీరు కొనదలిస్తే మీరూ ఒకసారి అడిగి కొనండి. పొట్టు సంగతి కూడా తేలిగ్గా తీసుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థవారు 1995లో కొయ్యపొట్టును కాన్సర్ కారకాల్లో మొదటి తరగతిలో చేర్చారు. మాస్కు లేకుండా నేను స్విచ్చి వెయ్యను. మిషను వెనక గొట్టానికి పొట్టు పీల్చేది తగిలించాను.

మేస్త్రీగారు వారంరోజులు నన్ను మామిడిచెక్కలే కొయ్యనిచ్చారు. చేతికి గ్లవుజులు వద్దు, పట్టీ లాక్కుపోతుంది. పైనుండే గైడును చెక్కకు పావంగుళం ఎత్తుదాకా దించాలి. వేళ్లు ఎప్పుడూ బ్లేడు దారిలో వుండకూడదు, చివర తోపుడుకర్ర వాడాలి. గుండ్రటి కొమ్మను వట్టిగా బల్లమీద పెట్టకూడదు, దొర్లి చేతిని లాగుతుంది. బ్లేడు మార్చేముందు ప్లగ్గు పీకి, ఆ ప్లగ్గు జేబులో పెట్టుకోవాలి! ప్లగ్గు జేబులో పట్టదు గదా అంటే, “కంటికెదురుగా పెట్టుకోండి” అన్నారు. ఈ పాఠాలు చెబుతున్నంతసేపూ ఆయన ఎడమచెయ్యి లుంగీ మడతలోనే వుండేది.

ఇంతలో దసరాకు అక్కయ్య వచ్చింది. మిషనును చుట్టూ తిరిగి చూసింది, బల్లను తడిమింది, ఏమీ అనలేదు. భోజనాల దగ్గర తన ఫ్లాటులో హాలు కొలతలు మాటల్లో పడ్డాయి. కొక్కేలు దిగగలిగిన చోటు కొలిస్తే అక్కడ అయిదడుగుల ఉయ్యాల తప్ప పట్టదు. మేస్త్రీగారు మెల్లిగా, “అమ్మా, ఎలాగూ అడుగున్నర తగ్గిస్తేగాని మీ ఇంట్లో అది ఊగదు. ఆ అడుగున్నరలో మీ తమ్ముడిగారి పెట్టె వుంది” అన్నారు.

అక్కయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరవాత లేచి వెళ్లి సుద్దముక్క తెచ్చి, బల్లకు ఏ వైపు కొయ్యాలో తనే చెప్పింది. అమ్మ ఎప్పుడూ తల పెట్టుకు పడుకునే వైపు తనకట. కాళ్ల వైపు తమ్ముడికి. వాడి నంబరు కూడా తనే తిప్పి, ఆ మాట తనే చెప్పింది.

చిత్రమేమిటంటే ఆ కోత బాండ్‌సా చెయ్యలేదు. కంబానికీ పట్టీకీ మధ్య పదంగుళాలే చోటు. ఒకవైపు అడుగున్నర, మరోవైపు అయిదడుగులు వున్న చెక్కను అడ్డంగా అందులో పెట్టలేం. మేస్త్రీగారు తన పాత చేతిరంపం తెచ్చారు. పోర్టికోలో రెండు స్టూళ్లమీద బల్లను పడుకోబెట్టి, ఇరవై నాలుగంగుళాల కోత ఇరవై నిమిషాల్లో కోశారు. అక్కయ్య రెండో కొస పట్టుకుని నిలబడింది. కోసిన మొహం చూస్తే, పైన నల్లబడ్డ ఆ చెక్క లోపల తేనెరంగు. నూనెవాసన గుప్పుమన్నది. కడ్డీల కన్నాల చుట్టూ మాత్రం ఇనుము తిన్న నల్లటి మరక.

మిగిలిన ముక్కను బాండ్‌సాకు అప్పగించాను. ముందు అయస్కాంతం పెట్టి అంగుళం అంగుళం వెతికాం; పాతచెక్కలో విరిగిన మేకుంటే బ్లేడు పళ్లు రాలతాయి. మూడు మేకులు దొరికాయి. ఒకటి ఎందుకు కొట్టారో మాకెవరికీ తెలియదు. ఆ తరవాత నాలుగంగుళాల పట్టెలుగా చీల్చాను. కోసే పట్టె కంబం వైపు వుంచితే చాలు, మిగతాది అవతలివైపు ఎంత వెడల్పున్నా ఫరవాలేదు. అక్కయ్య దాన్ని కింద చెయ్యి ఆనించి పట్టుకుంది, బ్లేడుకు బారెడు దూరంలో. ఒక్కో పట్టెనూ నిలబెట్టి మూడు పలకలు చేశాను. చిత్రిక పడితే అరంగుళానికి వచ్చాయి. నా భుజం ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

పెట్టె సంక్రాంతికి తయారైంది. లోపల ఏ మెరుగూ పెట్టలేదు, టేకువాసన కోసం. బల్ల లారీ పార్సెలులో విశాఖపట్నం వెళ్లింది. కొత్త కన్నాలు మేస్త్రీగారే వేసి ఇచ్చారు. మొన్న అక్కయ్య ఫోను చేసి, “గొలుసులు కిర్రుమంటున్నాయిరా, నూనె వేయించమంటావా?” అని అడిగింది. నీ ఇష్టమన్నాను. వేయించినట్టు లేదు, తరవాతి ఫోనులో కూడా ఆ చప్పుడు వినిపిస్తూనే వుంది.

కన్నాలున్న పట్టెలు రెండు నా గదిలో మిగిలాయి. కత్తిపీటకు అడుగుచెక్క చేసిపెట్టమని మా ఆవిడ అడుగుతున్నది.

ఇంకా కొయ్యలేదు.